రాచర్ల ఆటోలో అందరూ విన్న మాట

నవంబర్ 11, మంగళవారం. ఈరోజు మొదటి ఆశ్చర్యం ఆరు గంటల మార్కాపురం–గిద్దలూరు బస్సులోనే ఎదురైంది: డ్రైవర్ ఏమీ వినడం లేదు. "ఇంజను ఏమంటాదో వింటాండా పాపా. పాట పెడితే అది చెప్పేది వినపడదు" అన్నాడాయన. ఆ మాటను వెంటనే నోట్‌బుక్కులోకి ఎక్కించాను. బండి నడిపేవాళ్లు ఏం వింటారో మా కాలేజీ గోడపత్రికకు రాస్తానని పట్టుబట్టి తీసుకున్న పని కోసమే ఈ ప్రయాణం.

కంభం మీదుగా గిద్దలూరు చేరేసరికి ఎనిమిది దాటింది. అక్కడి నుంచి రాచర్లకు షేర్ ఆటో. మనిషికి ముప్పై రూపాయలు, తొమ్మిది మంది నిండితేనే కదులుతుంది. డ్రైవర్ కాశయ్య సీటు వెనక పెద్ద స్పీకర్ పెట్టె బిగించుకున్నాడు. సగం దారిలో పాట ఆపి, "సువార్తక్కా, నీ కూతురు మాట పంపినాది" అన్నాడు. నా పక్కన కూర్చున్న సువార్తమ్మ కూలిపని చేస్తుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ భర్త జేబులో ఉంటుంది. అలాంటి ఆడవాళ్లకు పిల్లలు పంపే వాయిస్ మెసేజులు కాశయ్య ఫోనుకు వస్తాయట. ఆటోలో వినిపించడం ఇక్కడి అలవాటట. భలే ఉందే అనుకుని పెన్ను తీశాను.

పెట్టెలోంచి అమ్మాయి గొంతు వచ్చింది: "అమ్మా, నర్సింగు మానేసి నెలయింది. పొదిలిలో బట్టల దుకాణంలో చేరినా. నాయనకు చెప్పొద్దు, నేనే వచ్చి చెప్తా."

అందరం విన్నాం. ముందు సీట్లోని మేకల బేరగాడు వెనక్కి తిరిగి, "ఇంగ సూదులేసేది లేదా అక్కా? మాకు చీరలన్నా చవగ్గా ఇప్పీ" అన్నాడు. ఇద్దరు నవ్వారు. సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆటో ఆపి ఫోను ఆమె చెవి దగ్గర పెట్టొచ్చు కదన్నా?"

"ఆపితే వెనక ఆటోవోడు దారిలో కాసుకున్నోళ్లనంతా ఎత్తుకపోతాడు. ఆపకుంటే ఈ చప్పుడుకు అక్కకు వినపడదు. రెండేండ్ల నుంచి ఇట్లనే. నేనేమన్నా పైసలు తీసుకుంటాండానా?"

"తీసుకోకపోతే? ఆమె ఇంటి మాట ఆటోకంతా పంచిపెడతావా?"

కాశయ్య సౌండు పెంచి పాట పెట్టాడు.

రాచర్లలో దిగాక సువార్తమ్మ నా చేయి పట్టుకుంది. "సాయంత్రానికి ఆ మేకలోడే మా ఇంటాయనకు చెప్పేస్తాడు పాపా. ఆయన కోపంలో పోయి ఆ దుకాణం ముందర పిల్లను కొట్టినా కొడతాడు. అందుకే ముందు నేనే చెప్తా. రేపు పొదిలి పోయి, ఎందుకు మానినావు అని దాన్నే అడుగుతా. నాకు బోర్డులు చదవరావు, నేనొచ్చే పొదిలి బస్సు నువ్వు మీ మార్కాపురంలో ఎక్కుతావా?" ఎక్కుతానన్నాను.

ఇంటికి వచ్చి ఇది రాస్తున్నా నా కోపం చల్లారలేదు. కాశయ్య చెడ్డవాడు కాదు. మేలు చేస్తున్నాననే నమ్ముతున్నాడు, అదే నన్ను ఇంకా మండిస్తోంది. వినోదం చూడబోయినట్టు పెన్ను తీసిన నా మీద కూడా అంతే కోపంగా ఉంది. ఈ దారిన వచ్చేవాళ్లు సంచిలో ఒక జత ఇయర్‌ఫోన్లు ఉంచుకోండి. ఎవరి మాటైనా పెట్టెలో మొదలవుతుందనగానే వాటిని డ్రైవర్ ఫోనుకు తగిలించి, ఆ మనిషి చేతికివ్వండి.

రేపు పొద్దున ఏడింటికే మార్కాపురం బస్టాండులో నిలబడి, గిద్దలూరు నుంచి వచ్చే మొదటి పొదిలి బస్సు ఎక్కుతాను. అందులో సువార్తమ్మ ఒక్కతే ఉంటుందో, పక్కన ఆమె భర్త కూడా ఉంటాడో.