తెర మీద ఆకుపచ్చ గడులు

కోరుట్లలో మా ఇంటి ముందు గదిలోనే నా పని. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పుట్టినరోజుల వీడియోలు ఎడిట్ చేసి ఇస్తాను, ఆల్బమ్‌లు తయారుచేస్తాను. కంప్యూటర్‌ను జగిత్యాలలో విడిభాగాలు కొని కూర్పించుకున్నాను. అందులో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే పాతది, ఎవరో వాడి అమ్మినది. ఆ కార్డు లేకపోతే మిగతా కంప్యూటర్ ఎంత బాగున్నా తెర మీద ఏమీ కనిపించదు. ఈ సంగతి కొన్నప్పుడే చెప్పారు. విని మరిచిపోయాను.

ఆ వేసవిలో ఒకాయన వచ్చి, తల్లి సంవత్సరీకానికి చిన్న వీడియో కావాలన్నాడు. ఆయన కూతురు ఫోన్లో తీసిన పద్నాలుగు క్లిప్పులు ఉన్నాయి. అవి నా కంప్యూటర్‌లోకి ఎక్కించాక, పగిలిపోయిన ఆ ఫోన్‌ను షాపులో ఇచ్చేసి కొత్తది తీసుకున్నారు. అంటే ఆ క్లిప్పులు ఇక నా దగ్గర తప్ప ఎక్కడా లేవు. ఇంకో చోట కాపీ పెట్టుకోవాలి. నా రెండో డిస్క్ నిండిపోయి ఉంది. రేపు చేద్దాంలే అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆయన తండ్రి రావడం మొదలుపెట్టాడు. డెబ్బై దాటిన మనిషి. మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చి, గోడ పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఇది బాగుంది, అది బాగాలేదు అని ఒక్కమాట అనేవాడు కాదు. నేను ఒక క్లిప్పును ముక్కలు చేస్తూ పదిసార్లు వెనక్కి ముందుకు తిప్పితే, పదిసార్లూ మొదటిసారి చూసినట్టే చూసేవాడు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత అలవాటైంది.

ఆయనకు ఇష్టమైన క్లిప్పు ఒకటుంది. భార్య ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటుంది. మనవరాలు ఫోన్ దగ్గరగా తెస్తుంది. ఆమె తల ఎత్తకుండానే, "ఏంది పోరీ, గా ఫోను పక్కకు వెట్టి గీ ఆకు కత్తిరియ్యి" అంటుంది. అంతే, నలభై సెకన్లు. అది చూస్తున్నప్పుడే ఒకరోజు తెర మీద చిన్న చిన్న ఆకుపచ్చ గడులు వచ్చాయి. ముందు చాట మీద, తర్వాత ఆమె ముఖం మీద. నిలువుగా గీతలు పడ్డాయి. తెర నల్లబడింది. కంప్యూటర్ ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"బిడ్డా, బొమ్మలన్ని అండ్లనే పోయినయా?"

"పోలేదు బాపూ. బొమ్మలు డిస్కుల ఉన్నయి. చూపెట్టే కార్డు కరాబైంది, గంతే. రేపు పొద్దుగాల జగిత్యాల తీస్కపోత."

ధైర్యంగానే చెప్పాను. నిజానికి డిస్క్ సంగతి నాకు అప్పుడు తెలియదు. ఆయన వెళ్లాక నాలుగైదుసార్లు కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. కార్డు ఊడదీసి, దుమ్ము తుడిచి, మళ్లీ బిగించాను. తెర వెలగలేదు. సంవత్సరీకానికి ఇంకా పది రోజులున్నాయి.

మర్నాడు పొద్దున కంప్యూటర్ డబ్బాను సంచిలో పెట్టుకుని జగిత్యాల బస్సు కోసం వెళ్తే, పెద్దాయన బస్టాండులో ఉన్నాడు. నేను రమ్మనలేదు. "ఒక్కదానివి గంత బరువు ఎట్ల మోస్తవ్?" అని సంచికి ఒకవైపు పట్టుకున్నాడు.

జగిత్యాలలో నేను కంప్యూటర్ కొన్న షాపుకే వెళ్లాం. షాపాయన ముందు నా డిస్క్ తీసి తన కంప్యూటర్‌కు తగిలించాడు. ఫోల్డరు తెరుచుకుంది. పద్నాలుగూ ఉన్నాయి. సరిచూద్దామని ఆయన ఏదో ఒకటి నొక్కితే బీడీల క్లిప్పే వచ్చింది. స్పీకర్లలో ఆమె గొంతు షాపంతా వినబడింది. ప్రింటర్ ఇంకు కోసం వచ్చిన ఇద్దరు ఇటు తిరిగి చూశారు. షాపాయన నవ్వి, "మస్తు గదమాయిస్తుంది గదా" అన్నాడు. పెద్దాయన కౌంటరును రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. నేను ఒక పెన్‌డ్రైవ్ కొని, అక్కడే కాపీ చేయించి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని జేబులో వేసుకుని, పైనుంచి గుండీ పెట్టుకున్నాడు.

తర్వాత షాపాయన వేరే కార్డు పెట్టి చూశాడు. తెర వెలిగింది. నా కార్డు పెడితే నలుపు.

"కార్డే పోయిందక్కా. గీ మోడల్ ఇప్పుడు వస్తలేదు. కొత్తది తెప్పియ్యాలె."

కొత్తది కొనే స్థితిలో నేను అప్పుడు లేను. బాగుచేయడం కుదరదా అని అడిగాను.

"రిపేరా? ఈడ ఎవ్వరు జెయ్యరు. హైదరాబాద్ పంపితే నెల పడ్తది. అయితదో కాదో గ్యారంటీ లేదు."

"సిరిసిల్లల జేస్తరు" అన్నాడు పెద్దాయన.

ఇద్దరం ఆయన వైపు తిరిగాం. సిరిసిల్లలో ముప్పై ఏళ్లకు పైగా మరమగ్గాల మీద పనిచేశాడట. ఇప్పుడక్కడ డిజైన్లు నేసే కొన్ని మగ్గాలకు కంప్యూటర్ డబ్బాలు వచ్చాయని, వాటిలో కార్డులు చెడిపోతే ఒక ఆడమనిషి బాగుచేస్తుందని చెప్పాడు. "వాళ్ల నాయిన మోటర్లు జేస్తుండె. బిడ్డ గీ సన్నపు పని నేర్సింది." షాపాయన నమ్మినట్టు కనిపించలేదు. నాకూ పెద్దగా నమ్మకం లేదు. కానీ వేరే దారి ఎవరూ చూపలేదు.

రెండు రోజుల తర్వాత కార్డు తీసుకుని ఇద్దరం సిరిసిల్ల బస్సెక్కాం. వేములవాడలో బస్సు సగం ఖాళీ అయ్యాక, పెద్దాయన కిటికీలోంచి చూస్తూనే అన్నాడు.

"మా ఇంటిది పగటిపూట ఏం జేస్తుండెనో నాకు ఎరికనే లేదు బిడ్డా. నేను ఐతారం నాడు ఇంటికి అచ్చేటోన్ని, సోమారం పొద్దుగాల పోయేటోన్ని. అది బీడీలు చుట్టుడు కండ్లార చూసిందే లేదు. ఇప్పుడు నీ దగ్గర చూస్తున్న."

"అవును బాపూ" అన్నాను.

ఆ రిపేరు గది మగ్గాల షెడ్డుకు ఆనుకునే ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో ఆమెకు. తలమీద దుపట్టా, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఇంట్లోవాళ్లతో ఉర్దూలో, మాతో తెలుగులో మాట్లాడింది. పెద్దాయనను గుర్తుపట్టి "చాచా, కూసోండి" అని స్టూలు జరిపింది. పక్క షెడ్డు చప్పుడుకు ఆమె బల్ల మీద గ్లాసులో నీళ్లు వణుకుతూనే ఉన్నాయి.

కార్డును మీటరుతో చాలాసేపు చూసింది. తన కంప్యూటర్‌కు తగిలించి ఏదో పరీక్ష పెట్టింది. చివరికి ఒక నల్లని చిప్పు మీద గోరుతో తట్టి చూపించింది.

"ఎనిమిది మెమరీ చిప్పులల్ల గిదొక్కటి పోయిందక్కా. నా దగ్గర ఖతమైన కార్డొకటి ఉన్నది. దాని చిప్పు తీసి దీనికి పెడ్త. కాని ఇప్పుడు కాదు. మగ్గాలు బందైనంక."

అప్పుడు అర్థమైంది. చిప్పును బోర్డుకు అతికించే సీసం కరిగినప్పుడు బల్ల కొంచెం కదిలినా అది పక్కకు జరుగుతుంది. అందుకే ఇలాంటి పని ఆమె మగ్గాలవాళ్లు అన్నానికి లేచినప్పుడే చేస్తుందట. ఒంటిగంట దాటాక చప్పుడు ఆగింది. ఆమె వెంటనే కార్డును కింద నుంచి వేడి చేసే పెట్టె మీద పెట్టి, పైనుంచి వేడి గాలి ఊదుతూ, పాత చిప్పు తీసి కొత్తది కూర్చోబెట్టింది. చల్లారాక తగిలించింది.

తెర వెలిగింది. ఆకుపచ్చ గడులు అలాగే ఉన్నాయి.

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "చిప్పు సక్కగ కూసోలే. ఇంకోసారి వేడి జెయ్యాలె. కాని గీసారి బోర్డే పోవచ్చు. జెయ్యమంటరా, వద్దా? మీరే చెప్పున్రి."

నేను పెద్దాయన వైపు చూశాను. అది నా కార్డు, ఆయన చెప్పాల్సింది ఏమీ లేదు. అయినా చూశాను. ఆయన తల ఊపాడు. చేయమన్నాను.

అంతలోనే పక్కన మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.

"ఇగ మాపటికి" అంది ఆమె. సాయంత్రం దాకా ఉంటే మాకు తిరుగు బస్సు ఉండదు. మళ్లీ రావాలంటే ఇంకో రోజు పోతుంది. నేను లెక్కలు వేసుకుంటుండగానే పెద్దాయన లేచి చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాడు. వాకిట్లోకి వచ్చి చూశాను. షెడ్డు గుమ్మంలో ఒక నడివయసు కార్మికుడితో మాట్లాడుతున్నాడు. చప్పుడులో మాటలు వినబడలేదు. ఆ మనిషి ఒకసారి మా వైపు చూసి లోపలికి వెళ్లాడు. మగ్గాలు ఒకటి తర్వాత ఒకటి ఆగాయి.

పెద్దాయన వచ్చి, "పది నిమిషాలు ఆపుతరట. జల్దీ కానియ్యి బిడ్డా" అన్నాడు.

ఆమె అప్పటికే పనిలో ఉంది. ఇద్దరు ముగ్గురు కార్మికులు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆమె సన్నని పట్టకారుతో చిప్పు అంచును వెంట్రుకవాసి కదిపి వదిలింది. అది తనంతట తాను సర్దుకున్నట్టు కూర్చుంది. వేడి గాలి ఆపింది. ఇంకా చాలాసేపు చేయి కదపలేదు.

"ఇగ నడిపిచ్చుకోండ్రి" అంది. వాళ్లు వెళ్లిపోయారు, చప్పుడు మొదలైంది. కార్డు చల్లారేదాకా ఆమె మాకు చాయ్ తెప్పించింది. పెద్దాయన చాయ్ తాగి, ఆ చప్పుడులోనే గోడకు ఆనుకుని నిద్రపోయాడు. మా ఇంట్లో అన్ని మధ్యాహ్నాలు కూర్చున్నా ఎన్నడూ కన్ను మూసినవాడు కాదు.

రెండోసారి తెర శుభ్రంగా వెలిగింది. ఆమె అరగంట పరీక్ష నడిపించి, కార్డును పాత న్యూస్ పేపర్‌లో చుట్టి ఇచ్చింది. "దీని మీద ఎక్కువ భారం ఎయ్యకున్రి అక్కా. ఫ్యాన్ల దుమ్ము తీస్తుండున్రి." పెద్దాయనను తట్టి లేపాను.

వీడియో నాలుగు రోజుల్లో అయిపోయింది. చిక్కు పాట దగ్గర వచ్చింది. వీడియో మొదటి నుంచి చివరిదాకా ఏడుపు పాట పెట్టాలని కొడుకు. అలా పెడితే తల్లి మాటలు వినబడవు. పెద్దాయన కొడుకు ముందు ఏమీ అనలేదు. కొడుకు వెళ్లాక, "గా తిట్లు ఉండనియ్యి బిడ్డా" అన్నాడు. పాటను మొదట్లో, చివర్లో పెట్టి, మధ్యలో తీసేశాను. ఎవరినీ అడగలేదు.

సంవత్సరీకం నాడు టెంటు కింద టీవీలో వేశారు. ఆమె తిట్టేచోట బంధువులంతా నవ్వారు, ఒకరిద్దరు ఏడ్చారు. కొడుకు నా వైపు చూశాడు గానీ పాట గురించి అడగలేదు. పెద్దాయన వెనక వరుసలో ఉన్నాడు. దూరం నుంచి ఆయన ముఖం నాకు సరిగా కనబడలేదు.

తర్వాత ఆయన మా ఇంటికి రావడం మానేశాడు. రావడానికి పనేమీ లేదు కదా. కొన్నాళ్లకు గొల్లపల్లిలో కూతురి దగ్గరికి వెళ్లాడని తెలిసింది.

కార్డు ఇంకో ఏడాదిన్నర నడిచింది. ఆ తర్వాత కొత్తది కొన్నాను. ఆ సంగతి చెబుదామని సిరిసిల్ల ఆమెకు ఫోన్ చేస్తే, కార్డు గురించి రెండు మాటలు మాట్లాడి, "చాచా మంచిగున్నడా?" అని అడిగింది.

"మంచిగనే ఉన్నడు" అన్నాను.

నిజానికి నేను ఆయనను చూసి ఏడాది దాటింది. ఫోన్ పెట్టేశాక కాసేపు పని చేసుకోబోయాను, సాగలేదు. ఆయన కొడుకు నంబరు వెతికి చేశాను. కంటి ఆపరేషన్ అయిందట. పొద్దున పూట పొలం దాకా నడిచి వస్తున్నాడట. ఏదైనా పనుందా అని కొడుకు అడిగాడు. ఏమీ లేదు, ఊరికే అడిగాను అన్నాను.