నవ్వుకు సరిపడా లెవెల్

పాడ్‌కాస్ట్ పెడదామన్న ఆలోచన నా రూమ్మేటుది. మధురానగర్ హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. తనది కోస్తా, మాది తెలంగాణలో మగ్గాల ఊరు. అమీర్‌పేటలో ఏ సందులో చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే ఉన్న రోజులు. ఇంటర్వ్యూ పోగొట్టుకుని వచ్చిన ప్రతిసారీ, అక్కడ జరిగిందంతా నటించి చూపించేదాన్ని. తను పొట్ట పట్టుకుని నవ్వేది.

"ఇవన్నీ రికార్డు చేసి నెట్‌లో పెడదామే. నీ మాటే దానికి అందం," అంది ఒకరోజు.

మేం చేరిన కోర్సు క్లాసులో నేను నోరు తెరిస్తే వెనక బెంచీల్లో కిసకిసలు వినిపించేవి. నా మాట అందంగా ఉందన్న మనిషి తనొక్కతే. నా గొంతు నా యాసతోనే నలుగురూ వింటారంటే, ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డాను.

మధ్యాహ్నం హాస్టల్ ఖాళీ అయ్యాక ఫ్యాన్ ఆపేసి, రోడ్డు చప్పుడు రాకుండా మా అమ్మ కుట్టిన బొంత కిటికీకి కట్టి కూర్చునేవాళ్లం. కంప్యూటర్ తనది, మైకు ఇద్దరం పంజాగుట్టలో కొన్నది. ఒక్క గొంతే కాబట్టి స్టీరియో ఎందుకని మోనో పెట్టాం. ఫైలు చిన్నదైతే తొందరగా డౌన్‌లోడ్ అవుతుందని బిట్‌రేటు తగ్గించాం. మరీ తగ్గిస్తే నేను రేకు డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుంది, మళ్లీ పెంచాం. పేచీ అంతా మైకు శబ్దం ఎంత తీసుకోవాలో పెట్టే లెవెల్ దగ్గరే. మాటకు సరిపెడితే, నేను నవ్వగానే తెర మీద గీత ఎర్రబడేది. ఎర్రబడిందంటే రికార్డింగులో శబ్దం పగిలినట్టే.

"జర తగ్గియ్యవే. నా నవ్వు సంగతి నీకు తెల్వదా?"

"ఇంకా తగ్గిస్తే మాట వినపడదే."

చివరికి నేనే నవ్వి నవ్వి, గీత ఎర్రబడని చోటు చూసి లెవెల్ అక్కడ పెట్టాను. బుగ్గలు నొప్పిపెట్టాయి.

రికార్డింగంతా అయ్యాక తను మొహం వేలాడేసుకుని చెప్పింది. "మొత్తం పగిలిపోయిందే. లెవెల్ నువ్వే కదా పెట్టావు." నమ్మాను. పైగా సారీ చెప్పాను. నన్ను మోసం చేసిన మనిషికే సారీ చెప్పానని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కొన్నాళ్లకు మా క్లాసులు జరిగే మైత్రీవనం మెట్ల మీద, మా క్లాసమ్మాయి ఒకతె నా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టింది. "గిది విను, మస్తుంది." విన్నాను. నా ఇంటర్వ్యూలు, నా జోకులు. గొంతు మాత్రం నా రూమ్మేటుది, ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టుంది. జోకు అయిపోగానే పెద్దగా నవ్వు వచ్చింది. ఆ నవ్వు నాది. ఎక్కడా పగల్లేదు.

తిన్నగా గదికి వెళ్లాను.

"గిదేందే? అంత ఖరాబైందన్నవ్ గదా?"

తను తలెత్తలేదు. "నీ యాస అందరికీ అర్థం కాదు కదే. వినేవాళ్ల కోసం నేను మళ్లీ చదివానంతే. ఆ మాట నీ మొహం మీద ఎలా చెప్పను?"

"మరి నా నవ్వెందుకు ఉంచినవ్?"

"నాకలా నవ్వడం రాలేదు. అయినా నవ్వుకి యాస ఉండదు కదా," అంది, నన్ను మెచ్చుకుంటున్నట్టు.

కిటికీకి ఇంకా కట్టే ఉన్న మా అమ్మ బొంత విప్పుకుంటూ తిడదామనుకున్నాను. మా ఊళ్లో తిట్లకు కరువు లేదు. అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ తన ముందు నా యాసలో నోరు తెరవడానికి, మొట్టమొదటిసారి, నాకు సిగ్గేసింది.