మొదటి గరిటె పొంగలి

తెల్లవారకముందే పొయ్యి దగ్గర నిలబడే చేతులకు బలమిచ్చే దేవునికి స్తోత్రం. గింజలో జీవాన్ని, నిప్పులో పనిని ఉంచి, మా ఇంటి అన్నాన్ని ఇన్నేళ్ళుగా ఆపని ప్రభువుకే మహిమ. ఆయన మేలును మరువకుండా, నాకు కలిగిన విసుగునూ దాచకుండా ఈ సంగతి రాస్తున్నాను. విసుగు దాచుకుని చెప్పే సాక్ష్యం సగం సాక్ష్యమే.

మా అక్క తొండియార్‌పేటలో టిఫిన్ షాపు నడుపుతుంది. తాతల నాడు నెల్లూరు వైపు నుంచి హార్బరు పనికి వచ్చిన కుటుంబం మాది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆదివారం సంఘంలో మళ్ళీ తెలుగు. అక్క చేసే మిరియాల పొంగలి కోసం మనలి నుంచి కూడా లారీ డ్రైవర్లు దారి మళ్ళించుకుని వస్తారు. నేను మనలిలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం చేశాను. ఏ వాల్వు ముందు తిప్పాలి, ఏది తర్వాత మూయాలి అనే సూచనలు రాసి, అందరికీ అర్థమయ్యేలా గోడకు అంటించడం నా పని. ఉద్యోగం విరమించి ఇంట్లో కూర్చున్నాక అక్క కళ్ళు నా మీద పడ్డాయి.

ఆ రోజుల్లోనే గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక, అక్క పేరుతో టి. నగర్‌లో షాపు పెడతానని అడిగింది. ఫ్రాంచైజీ అన్నమాట. వకీలును కలిస్తే ఆయన ఒక్క మాటే చెప్పాడు: షాపు ఎలా నడపాలో మొత్తం ఒక మాన్యువల్‌లో రాసివ్వండి, అందులో ఉన్నది ఆమె చేసి తీరాలి, లేనిది మీరు అడగకూడదు.

అక్కకు ఈ మాట నచ్చలేదు. నాకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. రాసే పని నాకు వచ్చు. రానిదల్లా అక్క దగ్గర నుంచి మాట రాబట్టడం.

"ఉప్పు ఎంత వేస్తావు?"

"చాలినంత."

"చాలినంత అంటే ఎంతక్కా? టి. నగర్ షాపులో నీ చెయ్యి ఉండదు కదా."

"నా చెయ్యి లేనప్పుడు నా పేరు మాత్రం ఎందుకురా ఆమెకు?"

ఇట్లా సాగింది మా పని. ఆమె గుప్పిట కింద త్రాసు పెడితే, చెయ్యి వెనక్కి లాక్కుని, "ఏందిరా ఇది, బంగారం అంగడి మాదిరి!" అనేది. మిరియాలు ఎప్పుడు వెయ్యాలంటే "వాసన పిలిచినప్పుడు" అనేది. వాసన ఎవరిని పిలుస్తుందో, ఏ పేరు పెట్టి పిలుస్తుందో రాయలేక కాగితాలు చింపేసేవాణ్ణి. చివరికి అక్క వేసేముందూ, వేశాకా ఉప్పు డబ్బాను దొంగతనంగా తూచి రాసుకున్నాను. చిన్నప్పటి నుంచి అధ్యాయం, వచనం చొప్పున చదివిన అలవాటు కాబట్టి పుస్తకాన్ని అలాగే విడగొట్టాను. అక్క చూసి నవ్వింది.

"ఇది పొంగలి పుస్తకమా, నీ ప్రసంగమా?"

అయితే ఆమె ఒక్క షరతు పెట్టింది. తన షాపులో ప్రతి ఉదయం గుండిగ మూత తీయగానే తల మీద కొంగు కప్పుకుని ప్రార్థన చేస్తుంది. మొదటి గరిటె ఆకులో పెట్టి పక్కన ఉంచుతుంది. వెనక తలుపు దగ్గరికి ఆకలితో ఎవరు ముందు వస్తే వారికి అది పోతుంది. అమ్మకం ఆ తర్వాతే. ఇది మొదటి పేజీలో ఉండాలంది. సంతోషంగా రాశాను. మొదటి అధ్యాయం, మొదటి వచనం: మూత తీశాక ప్రార్థన చేయాలి. మొదటి గరిటె పక్కన పెట్టాలి.

అంతే రాశాను. అంతకు మించి రాయాలని నాకు గానీ, అక్కకు గానీ, అచ్చుకు ముందు చదివిన మా సంఘం పాస్టరు అయ్యగారికి గానీ తోచలేదు.

టి. నగర్ షాపు తెరుచుకుంది. చీరల షాపుల వెనక సందులో, పొద్దున్నే వచ్చే సేల్స్ అమ్మాయిలతో నిండిపోయేది. ఆ గుంటూరమ్మాయి పుస్తకాన్ని చదివినట్టు నా జన్మలో ఎవరూ నా రాత చదవలేదు. పొద్దున లేస్తే ఫోను.

"అన్నయ్య గారూ, మూడో అధ్యాయంలో జీడిపప్పు బంగారు రంగుకి రాగానే దించాలన్నారు. ఏ బంగారమండీ?"

"బంగారంలో ఏముందమ్మా, బంగారమే."

"టి. నగర్‌లో ఉండి అడుగుతున్నానండీ. ఇక్కడ ఒక్కో షాపులో ఒక్కో రంగు."

నవ్వాలో తల కొట్టుకోవాలో తెలిసేది కాదు. "ఇంతవరకూ ఎవరూ ఇట్లా అడగలేదమ్మా" అంటే, "రాసి ఉంటే చేస్తానండీ, రాసి లేకపోతే చేయను. ఉద్యోగంలో నాకు నేర్పింది అదే" అనేది. అక్కతో చెబితే, "రొంబ మంచి పిల్ల. నీకు సరైన జోడీ దొరికింది" అని ఎగతాళి చేసింది. ఏడాది బాగానే గడిచింది. ఒప్పందం తిరగరాసుకునే సమయం దగ్గరపడింది.

అప్పుడే మా సంఘంలోని ఒక సిస్టరు, కూతురి పెళ్ళి చీరలకని టి. నగర్ వెళ్ళి, అక్క పేరు బోర్డు చూసి ఆనందంగా లోపలికి వెళ్ళింది. పొంగలి తింటూ వంటగది వైపు చూసింది. కొత్త గుండిగ దించారు. గుంటూరమ్మాయి మూత తీసింది. మొదటి గరిటె చిన్న స్టీలు గిన్నెలో పెట్టి, గోడ మీది దేవుడి పటం ముందు ఉంచి, కర్పూరం వెలిగించి, కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. తర్వాత ఆ గిన్నెలోని పొంగలిని తిరిగి గుండిగలో వేసి కలిపింది. సిస్టరు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర, పదిమంది వింటుండగా అక్కతో అంది:

"సిస్టర్, మీ బోర్డు కింద మాకు ప్రసాదం పెట్టారు."

అక్క ముఖం నేనెప్పుడూ అట్లా చూడలేదు. విగ్రహానికి అర్పించినదాన్ని మేము తినం. ఇది తెలియనివారికి చిన్న సంగతిగా కనిపించవచ్చు, మాకు కాదు. అయ్యగారు లేఖనం తెరిచి, అంగట్లో అమ్మేదాన్ని ఆరా తీయకుండా తిన్నవారికి దోషం లేదనీ, విగ్రహానికి పెట్టిందని తెలిశాక తినడం వేరనీ శాంతంగా చెప్పారు. ఎవరికి కావలసిన సగం వాళ్ళు పట్టుకుని ఇళ్ళకు వెళ్ళారు. అక్క రెండో సగం పట్టుకుంది.

"బోర్డు దించమను. నేను మళ్ళీ సంతకం పెట్టను."

"ఆమె ఉన్నదంతా ఆ షాపులోనే పెట్టిందక్కా. నీ పేరు తీసేస్తే మూసుకోవాల్సిందే."

"నా పేరు కింద ఏం జరగతా ఉండాదో నువ్వే పోయి చూసి రా."

వెళ్ళాను. దారి పొడుగునా ఆ అమ్మాయిని ఏమని మందలించాలో మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. ఆమె పుస్తకం తెచ్చి నా ముందు తెరిచింది.

"చూడండి అన్నయ్య గారూ. ప్రార్థన చేయాలి అన్నారు, చేశాను. మొదటి గరిటె పక్కన పెట్టాలి అన్నారు, పెట్టాను. నాకు భలే నచ్చిందండీ ఈ పేజీ. మా అమ్మ వంటింట్లో ఉన్నట్టే అనిపించింది."

"పక్కన పెట్టింది మళ్ళీ గుండిగలో ఎందుకు కలిపావమ్మా?"

"కలపకపోతే ఎట్లాగండీ? నైవేద్యం పెట్టింది మిగతా అన్నంలో కలిపితేనే కదా అందరికీ అందేది. మా ఇంట్లో అంతే. పక్కన పెట్టాక ఏం చేయాలో మీరు రాయలేదు."

పుస్తకం తీసుకుని ఆ వచనం మళ్ళీ చదివాను. మనలిలో పని చేసినన్నాళ్ళూ, ఫలానా వాల్వు తెరవాలి అని రాస్తే, ఎప్పుడు మూయాలో రాయకుండా కాగితం కింద పెట్టేవాణ్ణి కాదు. ఉప్పు కోసం త్రాసు పట్టుకుని ఇల్లంతా తిరిగాను. మా ఇంట్లో పుట్టిన ప్రతివాడికీ ఆ గరిటె ఎక్కడికి పోతుందో తెలుసు. తెలిసినదాన్ని రాయాలని ఎవరికి తోస్తుంది? ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకుందామంటే నేను రాసిన ప్రతి అక్షరాన్నీ ఆమె పాటించింది. అక్క మీద తెచ్చుకుందామంటే ఆమె బాధ నిజమైనది. ఇక పుస్తకం మీద తెచ్చుకోవాలి. అది నా రాతే.

ఇంటికొచ్చి మొదటి పేజీ తిరగరాయడానికి కూర్చున్నాను. అక్క పక్కనే నిలబడింది.

"దాంట్లో ఏముంది? ప్రభువు నామంలో ప్రార్థన చేయాల అని రాయి. అంతే దా."

"ఆమె నమ్మదు కదక్కా. నమ్మని నోటితో ఆ నామం పలికిస్తే అది ప్రార్థనా?"

"నువ్వు ఎవురి పక్కరా?"

"ప్రార్థన పక్క."

"నోరు రొంబ ఎక్కువైంది నీకు. ఈడ పొయ్యి ముందర నిలబడేది నేను. కూర్చోని మాటలు రాసేది నువ్వు."

ఎన్ని రకాలుగా రాసినా కుదరలేదు. 'ఎవరి విశ్వాసం ప్రకారం వారు' అని రాస్తే అక్క చింపేసింది. నిజం చెప్పాలంటే నాకూ అది రాయడానికి చెయ్యి రాలేదు. నా దేవుడు ఒక్కడే. 'మౌనంగా నిలబడాలి' అని రాస్తే, "ఎవురన్నా చచ్చిపోయినారా?" అంది. చివరికి ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని టి. నగర్ తీసుకెళ్ళాను. ఒప్పందం కాగితాలు నా సంచిలో ఉన్నాయి. సంతకమో, బోర్డు దించడమో, ఏదో ఒకటి అక్కడే తేలాలి.

గుంటూరమ్మాయి ఎదురొచ్చి, కుర్చీ తుడిచి, పొంగలి ప్లేటు తెచ్చి పెట్టింది. అక్క ముట్టుకోలేదు. ఆ అమ్మాయికి అర్థమైంది. ఎదురుగా నిలబడే మాట్లాడింది.

"అమ్మగారూ, వంటగదిలో ఇక కర్పూరం వెలిగించను. దీపం ఇంట్లోనే పెట్టుకుని వస్తాను. మొదటి గరిటె మళ్ళీ గుండిగలోకి రాదు, బయటికే పోతుంది. ఇవి నేను చేయగలను."

"ప్రార్థన?"

"మీ ప్రభువు పేరు నేను పలికితే మీకూ అబద్ధమే, నాకూ అబద్ధమే. అది మాత్రం అడగొద్దండీ. పుస్తకంలో అది ఉంటే బోర్డు మీరే దించుకోండి, నేను అడ్డం రాను."

 అక్క నా వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పు అన్నట్టు. ఇన్నేళ్ళు ఆదివారపు బడిలో పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, నాకు ఆ క్షణంలో ఒక్కటే తోచింది. సంచిలోంచి తిరగరాసిన మొదటి పేజీ తీసి, ప్రార్థన మాట కొట్టేసి, మిగిలింది చదివాను. మూత తీశాక మొదటి గరిటె ఆకులో పెట్టి, షాపు బయట ఆకలితో ఉన్నవారికి ఇవ్వాలి. దాన్ని తిరిగి గుండిగలో కలపకూడదు. అమ్మకం ఆ తర్వాతే.

"ఇంకోసారి చదువు" అంది అక్క.

చదివాను. ఆమె చెయ్యి చాపింది. కాగితాలిచ్చాను. పెన్ను గట్టిగా నొక్కి సంతకం పెట్టింది. గుంటూరమ్మాయి కళ్ళు తుడుచుకుని వంగి కాళ్ళకు దండం పెట్టబోతే, "అదంతా వద్దు లేమ్మా" అని భుజం పట్టి ఆపింది. చల్లారిన పొంగలి ప్లేటును మెల్లగా పక్కకు జరిపి లేచింది.

తిరిగి ఆటోలో బయల్దేరాం. ప్యారీస్ కార్నర్ దాటాక అక్క అంది:

"కొలత ఉండాది నీ పుస్తకంలో. వాసన కూడా ఎట్లో రాసేసినావు. దేవుడు లేడురా."

"ఆకలిగా ఉన్నవాడికి గరిటె అన్నం పెట్టే చోట లేడా అక్కా?"

"నువ్వు బాగా మాట్లాడతావు" అని ముఖం రోడ్డు వైపు తిప్పుకుంది.

టి. నగర్ షాపు నడుస్తోంది. మొదటి గరిటె రోజూ బయటికి పోతోందని ఆ అమ్మాయి ఫోటో తీసి మరీ పంపుతుంది. రాసి ఉంది కాబట్టి. మా సంఘంవాళ్ళు ఇంకా ఆ మెట్లు ఎక్కడం లేదు. మనలిలో షాపు పెడతానంటున్న మా సంఘంలోని సోదరుడు ఒకడు పుస్తకం తిరగేసి, "ప్రార్థన లేదేంది బ్రదర్? మనోళ్ళదేనా ఈ పుస్తకం?" అన్నాడు. ఆమెకొకటి, ఇతనికొకటి రాస్తే అది మాన్యువల్ కాదు. ఒకటే రాస్తే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. ఒక షాపు నిలిచింది, దానికి స్తోత్రం. కానీ అక్క నాతో పొయ్యి దగ్గర పెట్టుకునే ముచ్చట్లు ఆగిపోయాయి. నేను చేసింది సరైనదేనని నమ్ముతున్నాను. ఆ నమ్మకం నాకు నెమ్మదినివ్వడం లేదు.

అందుకే చదువుతున్న మీరు, నా తోటి విశ్వాసులు, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ప్రభువా, బలవంతం లేని స్తోత్రమే నీకు ఇష్టమని నమ్మి ఆ మాట కొట్టేశాను. నేను పొరబడి ఉంటే నాకు చూపించు. నీ పేరు కాగితం మీద లేదని నొచ్చుకున్న నా అక్కను నీవే ఓదార్చు. టి. నగర్‌లోని ఆ బిడ్డ షాపును కాపాడు. అక్కకూ నాకూ మధ్య మాట మళ్ళీ కలుపు. నాతో పాటు ఆమేన్ అనండి.