ఏడుసార్లు అమ్ముడైన గుమ్మడికాయ

మా చర్చి రేకులు తుప్పుపట్టి వానకు కారుతుంటే, అప్పు తెచ్చి శ్లాబు వేయిద్దామని సంఘం తీర్మానించింది. మూడేళ్ళ జమాఖర్చులు ఆడిటరు సంతకంతో కావాలంది బ్యాంకు. సంఘం చిట్టా రాసేది నేను. బడికి పోయింది అయిదేళ్ళే. లెక్కలు కొట్లో గుమాస్తాగా ఉంటూ నాకు నేనే నేర్చుకున్నాను.

ఆడిటరు దగ్గరికని పాస్టరు గారూ నేనూ రేపల్లెలో తెనాలి బండెక్కాం. దారిపొడుగునా ఆయనతో నేను పలకలేదు. కోతపండుగకి సంఘంవాళ్ళు దేవుడికిచ్చిన పంటల వేలంలో నేను రాసిన రాబడికీ, ఆయన బ్యాంకులో కట్టినదానికీ మూడేళ్ళుగా పొంతన లేదు. వెనకటి పాస్టరొకాయన సంఘం హార్మోనియం అమ్ముకుపోయిన సంగతి నేను మరిచిపోలేదు. ఈయన్ని ఆడిటరే పట్టుకుంటాడని ఊరుకున్నాను.

తీరా చూస్తే ఆడిటరు మా మనవరాలి ఈడు అమ్మాయి. చిట్టా తిప్పి నావంక అనుమానంగా చూసింది.

"ఒక్క గుమ్మడికాయని ఏడుసార్లు అమ్మారేంటి తాతగారూ?"

"పాడుకున్నవాడు ఇంటికి పట్టుకుపోడమ్మా. దేవుడికే తిరిగిచ్చేస్తాడు. మళ్ళీ పాట పెడతాం."

"పాపం, దానికి కూర అయ్యే యోగం లేదన్నమాట. డబ్బు అక్కడికక్కడే ఇస్తారా?"

"వడ్లు అమ్మాక ఇస్తారు."

"అందరూనా?"

నాకు ఒళ్ళు మండింది. "మావాళ్ళు దేవుడితో మాట తప్పరు."

పాస్టరు గారు జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఆమెకిచ్చారు. పాడి ఎగ్గొట్టినవాళ్ళ పేర్లూ, వాళ్ళ బాకీలూ అందులో ఉన్నాయి. ఆమె మూడేళ్ళవీ కూడింది. నేను కడుపులో పెట్టుకున్న తేడా ఎంతో, ఆ మొత్తం అంతే. పాడిన రోజే డబ్బు ముట్టినట్టు రాసింది నేను.

"నాతో చెప్పలేదేంటండి?" అన్నాను.

"చెబితే మీరు ఆదివారం అందరి ముందూ చదివేస్తారు. వాళ్ళిక చర్చి గడప తొక్కరండి."

నిజమే, చదివేవాణ్ణే.

"ఈ పేర్లు జతచేసి రావలసిన బాకీగా చూపిస్తే బ్యాంకు ఇచ్చే అప్పు పెరగొచ్చు," అంది ఆ అమ్మాయి. "కొట్టేస్తే రాబడి తగ్గుతుంది. వచ్చే అప్పు శ్లాబుకి చాలదండి."

"కొట్టేయండమ్మా," అన్నారు పాస్టరు గారు.

నా సంతకం కూడా కావాలి. ఆ నోటుబుక్కు ఒక్కసారి చూడనివ్వమన్నాను. ఆయన జేబులో పెట్టేసుకున్నారు.

నా రాతని నేనే కొట్టేసి సంతకం చేశాను. కొత్త రేకులకు సరిపడా అప్పు వచ్చింది. ఇప్పుడు వేలంలో ఎవరైనా గొంతెత్తి పాడితే, కలం తీయకముందు వాడి ముఖం చూస్తున్నాను. మా బంధువులైనా సరే.