పెద్దమ్మ దవాఖాన

నారాయణగూడలో కూరగాయలు కొనుక్కుని నడిచి వస్తుంటే, మా గల్లీ మొదట్లోని క్లినిక్ మెట్లను ఫినాయిల్ వేసి కడుగుతున్నారు. ఆ వాసన తగిలితే చాలు, మా అత్తమ్మ గుర్తొస్తుంది. దవాఖాన నుంచి వచ్చిన ప్రతిసారీ ఆమె చీర అదే వాసన వేసేది.

అత్తమ్మది పాలమూరు వైపు పల్లె. అక్కడ డాక్టరు లేడు. నర్సు కూర్చునే గదికి ఎప్పుడు చూసినా తాళమే. అందుకని జ్వరమైనా, కాన్పైనా, కాలు విరిగినా ఊరివాళ్లు రైలెక్కి కాచిగూడలో దిగి, నేరుగా చిక్కడపల్లిలోని మా ఇంటికి వచ్చేవారు. ముందు గదిలో చాపలు పరిచే ఉండేవి. తెల్లారగానే అత్తమ్మ వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేది. ఏ తలుపులోంచి పోవాలో, చిట్టీ ఎక్కడ రాస్తారో, ఏ డాక్టరమ్మ విసుక్కోదో ఆమెకు తెలుసు. ఆ దవాఖాన అసలు పేరు వాళ్లకు అక్కర్లేదు. అత్తమ్మను అందరూ పెద్దమ్మ అని పిలిచేవారు కాబట్టి ‘పెద్దమ్మ దవాఖాన’ అనేవారు.

నాకు చదువు తక్కువ, పొదుపు ఎక్కువ. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తే ఒళ్లు మండేది.

“ఇది ఇల్లా సత్రమా అత్తమ్మా?” అన్నాను ఒకసారి.

“సత్రమైతే పైసలు గుంజుతరు. మనం ఇంక గంత ఎదగలే. పో, ఎసరు పెట్టు,” అంది.

ఒక ఎండాకాలం ఆమె పెళ్లికని ఊరికి వెళ్లింది. పెళ్లైన మర్నాడు మధ్యాహ్నం మా గుమ్మం ముందు జీపు ఆగింది. లోపల అత్తమ్మ, ఒళ్లంతా చెమటలు. పక్కన ఆ ఊరి బాలయ్య. అంతకుముందెప్పుడో విరిగిన అతని కాలికి కట్టు కట్టించింది ఆమే.

“పొద్దుగాల సంది పెద్దమ్మకు ఛాతిల నొప్పి వదినె.”

“మరి ఇంటికెందుకు తెచ్చిండ్రు? సీదా దవాఖానకు పోవద్దా?”

“ఏ దవాఖాననో నాకేం ఎరుక? ఎన్నడైనా ఈడికే వస్తిమి. ఈడికెల్లి పెద్దమ్మనే తోల్కపోతుండె.”

దారిలో పెద్ద పెద్ద ఆస్పత్రులు దాటుకుని వచ్చారు. నేను జీపెక్కాను. అన్నేళ్లూ వాళ్లకు వండి పెట్టానే గాని, ఒక్కనాడూ వెంట వెళ్లలేదు. దవాఖాన గేటు దగ్గర ఎటు పోవాలో తోచక నిలబడితే అత్తమ్మే కళ్లు తెరిచింది.

“గటు గాదు బిడ్డా, ఎనక తలుపు.”

ఊరివాళ్లకు చెప్పినట్టే చెప్పింది. ఆపైన మాట్లాడలేదు. ఇంకొంచెం ముందు తేవాల్సిందని డాక్టరమ్మ అంది.

ఆ పల్లెలో డాక్టరుంటే ఆమె బతికేది. అది మా ఎవరి చేతిలోనూ లేదు. కానీ అందరినీ నడిపించిన మనిషి ఎవరికీ దారి నేర్పలేదు. దారి చెప్పి ఒంటరిగా పంపితే ఎక్కడ తప్పిపోతారోనని భయం ఆమెకు. ఆమెను తప్పు పట్టడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు.

మొన్న అశోక్‌నగర్‌లో కడుతున్న బిల్డింగులో పనిచేసే చెన్నమ్మ, ఒళ్లు కాలిపోతున్న పిల్లను ఎత్తుకుని వచ్చింది. ఆమెదీ పాలమూరే.

“అవ్వా, జర తోడు రా.”

“వస్త. నువ్వు ముందల నడువు. ఏడ అడగాల్నో నువ్వే అడుగు.”

“గిదేం మొండితనమవ్వా! తెల్వకనే గద పిలిచిన?”

నేను ఆమె వెనకే నడిచాను. తిట్టుకుంటూనే ఆమె కాపలావాణ్ణి అడిగింది, చిట్టీ రాయించుకుంది, డాక్టరు గది వెతికి పట్టుకుంది.

పిల్లకు మళ్లీ చూపించాల్సిన రోజున నేను చీర మార్చుకుని ఎదురు చూశాను. చెన్నమ్మ రాలేదు. ఒక్కతే వెళ్లి వచ్చిందట. ఆ మాట అత్తమ్మకు చెప్పాలనిపించింది.