ఏడాదికని ఇచ్చిన స్ట్రైకర్

మా చిన్నప్పుడు... మొయినాబాద్‌లో చిన్నమ్మ వాళ్లింట్లో ఆదివారం పేపర్ నాకు వెనక పేజీ నుంచి మొదలయ్యేది. ముందు పేజీలన్నీ చిన్నమ్మ భర్త, మా చిన్నబాపువి. హైటెక్ సిటీ వచ్చినప్పటి నుంచి ఆయనకు ప్లాట్ల పిచ్చి. ఆ ప్రకటనల కోసమే ఇంగ్లిష్ పేపర్ వేయించుకునేవాడు. ఆటల పేజీ ఎవరికీ అక్కర్లేదు, నాకు తప్ప.

మా ఊరు చేవెళ్ల దాటాక వస్తుంది. ఐదో తరగతిలో ఇంగ్లిష్ మీడియం కోసం నన్నిక్కడ వదిలి, "ఒక్క ఏడాది చూద్దాం బిడ్డా" అన్నాడు బాపు. చిన్నమ్మ వాళ్లు నన్ను పల్లెత్తు మాట అనలేదు, పాపం. అయినా ఆ ఇంట్లో నాకెంత ఒంటరిగా అనిపించేదో... సాయంత్రాలు గేటు పట్టుకుని చేవెళ్ల బస్సులు చూసేదాన్ని, కిటికీలో మా ఊరివాళ్లెవరైనా కనిపిస్తారేమోనని.

ఒక ఆదివారం ఆ వెనక పేజీలో ఒక ఫోటో. ఇంగ్లండ్‌లో పెద్ద ఫుట్‌బాల్ టీమ్ స్ట్రైకర్ అట, పందొమ్మిదేళ్లు. మోకాళ్ల దాకా బురద, పక్కన ఎవరూ లేరు. ఎక్కడో చిన్న ఊరి టీమ్‌కు అతన్ని ఒక ఏడాది లోన్ మీద ఇచ్చారని రాశారు. మనిషిని ఎలా ఇస్తారో అర్థం కాక చిన్నబాపును అడిగాను. ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు.

"మీ బాపు దుక్కులప్పుడు ఎద్దును ఇయ్యడా? గట్లనే. పనైనంక మళ్ల తోల్కొచ్చుకుంటరు."

నా ప్రాణం లేచొచ్చింది! మా ఎర్రెద్దును తీసుకుపోయినవాళ్లు దుక్కులయ్యాక శుభ్రంగా కడిగి, తెచ్చి మా కొట్టంలో కట్టేసి పోయేవారు. ఒక్కసారీ తప్పలేదు. అంటే అతన్నీ పిలుస్తారు, నన్నూ పిలుస్తారు. మంచిగా చేసి చూపిస్తే ఇంకా తొందరగా పిలుస్తారనుకున్నాను... పిచ్చిదాన్ని.

అతను గోల్స్ కొడుతూ పోయాడు. నేను పుస్తకం వదల్లేదు. అతని బొమ్మలు కత్తిరించి లెక్కల నోటుబుక్కులో దాచుకునేదాన్ని. పరీక్షల్లో క్లాస్ ఫస్ట్ వచ్చాను. బాపు వస్తున్నాడంటే బట్టలు కూడా సర్దుకున్నాను.

బాపు ప్రోగ్రెస్ కార్డును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయనకు చదవడం రాదు.

"ఇంత మంచిగ చదువుతున్నవ్... ఇంక ఈడనే ఉండు బిడ్డా" అన్నాడు. ఆయన మొహం సంతోషంతో వెలిగిపోయింది. ఆ మొహం చూసి సరే అన్నాను, ఇంకేం చెప్పను? బాపు పోయాక బాత్రూంలో నల్లా తిప్పుకుని ఏడ్చాను.

కొన్ని వారాలకు పేపర్లో రెండే రెండు లైన్లు... అంత బాగా ఆడుతున్నాడని ఆ చిన్న టీమే అతన్ని పూర్తిగా తీసేసుకుందట.

తర్వాత అతను టీములు మారాడు, నేను హాస్టళ్లు మారాను. మొన్న ఫోన్లో చూశాను, ఆట మానేశాడట. గడ్డం నెరిసింది. తనను లోన్‌కిచ్చిన ఆ మొదటి టీమ్‌కు మళ్లీ ఎప్పుడూ ఆడలేదు.

ఇప్పుడు మా ఊరికి కారులో గంట కూడా పట్టదు. గుమ్మంలో చెప్పులు విప్పకముందే నన్ను కన్న అవ్వే ప్రేమగా అడుగుతుంది, "మళ్ల ఎప్పుడు పోతవ్ బిడ్డా" అని...

మీలో ఎవరినైనా ఇలా 'ఒక్క ఏడాది' అని వదిలిపెట్టారా? తిరిగి పిలిచారా? పిలిచిన కథ ఒక్కటైనా ఉంటే కింద రాయండి... వినాలని ఉంది.