ఖాళీ ఇనప్పెట్టె ఫొటో

2022 జూన్ 14, మంగళవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలు. మా సంఘం ఇనప్పెట్టెను తలుపు బార్లా తెరిచి రాజేశ్వరి ఫొటో తీసింది. అన్నీ అక్కడే మొదలయ్యాయి.

మైపాడుకు ఉత్తరాన ఉన్న ఒక పాళెంలో మత్స్యకార మహిళల పొదుపు పరపతి సంఘానికి నేను ఇరవై నాలుగేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. రాజేశ్వరి క్యాషియరు. సభ్యులు 318 మంది. వాళ్ల డిపాజిట్లు 41 లక్షల 60 వేలు. ఆ డబ్బునే వాళ్లలో అవసరమైనవాళ్లకు వలలకీ, ఇంజన్ల మరమ్మతుకీ అప్పుగా ఇచ్చేవాళ్లం. వేట నిషేధం ఉన్న రెండు నెలలూ పడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి అప్పులన్నీ నిషేధం ముగిసే వారంలోనే ఇచ్చేవాళ్లం. ఆ ఏడు 120 మందికి 36 లక్షలు ఇచ్చాం. మిగిలిన 5 లక్షల 60 వేలు నెల్లూరులో ఒక బ్యాంకులో ఉన్నాయి. దీన్నే మా పనిలో లిక్విడిటీ అంటారు. అడిగినవాళ్లకు అడిగిన వెంటనే ఇవ్వగలిగిన సొమ్ము అని అర్థం.

పెట్టె తెరిచి చూపించడం మా పాళెంలో ఆచారం. సంఘం పెట్టిన రెండో ఏడు అప్పటి ప్రెసిడెంటు కొంత డబ్బు పెట్టెలో దాచుకొని, ముగ్గురు ఆడవాళ్లకు వలలకు లేదని చెప్పింది. ఆమెను దించేశాక ఒక నియమం పెట్టుకున్నాం. వేటకు పోయే ముందురోజు పెట్టెను పసుపు నీళ్లతో కడిగి, తలుపు తెరిచి పెట్టాలి. సభ్యులందరూ వరసగా వచ్చి చెయ్యి లోపల పెట్టి అడుగును తట్టి చూడాలి. ఖాళీగా మోగితే డబ్బంతా సముద్రం మీదికి పోయిందని లెక్క. పెట్టె ఖాళీగా ఉండటమే మా నిజాయితీకి గుర్తు.

ఆరోజు పోలమ్మ తట్టి చూసి, "ఈ రెండు నెల్ల నా కూరచట్టి కన్నా ఖాళీగా ఉండాదే!" అంది. అందరం నవ్వాం. పోలమ్మకు అరవై రెండేళ్లు. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి మోకాళ్లు అరిగిపోయాయి. తొమ్మిదేళ్లుగా దాచుకున్న డెబ్బై అయిదు వేలు మా దగ్గర ఉన్నాయి. ఆ డబ్బుతో పాత ట్రాలీ ఆటో కొని, డ్రైవరును పెట్టుకుని, ఐసుపెట్టెలో చేపలేసుకుని పోవాలని ఆమె కోరిక. ఆటో బేరం కూడా కుదిరింది. జూలై మొదటి వారంలో డబ్బు కట్టాలి.

ఇక ఫేస్‌బుక్ సంగతి. అప్పులిచ్చే ఫోన్ యాప్‌లు మా సభ్యుల్ని లాగేసుకుంటున్నాయని అంతకు ఏడు నెలల ముందు మేమూ ఒక పేజీ తెరిచాం. వాట్సాప్ గ్రూపు కూడా పెట్టాం. ఫలితం కనిపించింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి 63 మంది కొత్తగా చేరారు. డబ్బు ఫోన్లోనే పంపేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది మొహాలు నేను చూడలేదు, వాళ్లు మా పెట్టెను చూడలేదు.

"అక్కా, పెట్టె ఫొటో పేజీలో పెడదాం. కొత్తోళ్లు రాలేరు గదా, వాళ్లూ చూస్తారు," అంది రాజేశ్వరి.

"కింద లెక్క మొత్తం ఉండాలి," అన్నాను. ఎంత ఇచ్చాం, ఎంతమందికి ఇచ్చాం, బ్యాంకులో ఎంత ఉంది, అన్నీ నాలుగు వరసల్లో నేనే రాసిచ్చాను.

మధ్యాహ్నం మూడూ నలభైకి ఇందుకూరుపేట నుంచి ఒక కొత్త సభ్యురాలు ఫోన్ చేసింది.

"మేడమ్, పెట్టె ఖాళీ అంట గదా? మా డబ్బులు యాడికి పోయినాయి?"

"ఫొటో కింద రాసింది చదవలేదామ్మా?"

"ఫొటో ఒక్కటే వచ్చింది మేడమ్. కింద 'సంఘం ఖాళీ, మేడమ్ జంప్' అని ఉండాది."

"జంప్ అయితే నీ ఫోన్ ఎవరు ఎత్తినట్టు?" అని అడిగాను. ఆమె నవ్వలేదు.

ఎవరో ఫొటోను మాత్రం ఫార్వర్డ్ చేశారు. నా నాలుగు వరసలు పేజీలోనే ఉండిపోయాయి. మర్నాడు తొమ్మిదికల్లా డబ్బు వెనక్కి ఇమ్మని ఆఫీసు ముందు ఇరవై మంది ఉన్నారు.

"అక్కా, నీ గొంతుతో ఒక్క నిమిషం మాట్లాడు, గ్రూపుల్లో పెడతా. మనోళ్లందరికీ నీ గొంతు తెలుసు," అని రాజేశ్వరి బతిమాలింది.

"నోటిమాటకు సంతకం ఉండదు," అన్నాను. మూడు పేజీల ప్రకటన టైపు చేయించి, సంతకం పెట్టి, ముద్ర వేసి సాయంత్రం అయిదూ ఇరవైకి పేజీలో పెట్టించాను. రాత్రికి దాని రీచ్, అంటే అది కనబడినవాళ్ల సంఖ్య, పంతొమ్మిది. పెట్టె ఫొటో ఎన్ని ఫోన్లకు చేరిందో ఎవరూ చెప్పలేకపోయారు. నా ఉద్యోగంలో నేను లెక్క కట్టలేకపోయింది అదొక్కటే.

గురువారం బ్యాంకు మేనేజరును తాత్కాలికంగా అప్పు అడిగాను. "ఆ ఫొటో మా పైవాళ్లకూ వచ్చిందమ్మా, వారం ఆగండి," అన్నాడాయన.

నేను తిరిగొచ్చేసరికి పోలమ్మ వరసలో ఉన్నవాళ్ల మీద అరుస్తోంది.

"ఏంది మే ఇది? మొన్ననే గదా ఖాళీ పెట్టెను తట్టి నవ్వినాం? ఈపొద్దు ఖాళీ అని ఏడస్తారేంది?"

"అత్తా, నీకు డెబ్బై అయిదు వేలుండాయి. నోరు మూసుకోని నువ్వూ నిలబడు," అంది వరసలో ఒక పిల్ల.

పోలమ్మ నా వైపు తిరిగింది. "నిలబడమంటావా సెక్రెట్రమ్మా?"

అప్పటికి బ్యాంకులో 1 లక్షా 10 వేలు ఉన్నాయి. ఆ అంకె నాకు తెలుసు. "అవసరం లేదు పోలమ్మా. సోమవారానికి సర్దుకుంటుంది," అన్నాను. ఆమె గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు చివరి రూపాయి కూడా ఇచ్చేశాం. సోమవారం ఆఫీసు తెరవలేదు. సంఘం మూతపడిందని తెలిశాక అప్పు తీసుకున్నవాళ్లలో చాలామంది కట్టడం మానేశారు. మూతపడ్డ సంఘానికి ఎవరు కడతారు?

ఫోన్లో ఒక మాట పెడితే అది మనల్ని ఎరగనివాళ్ల దగ్గరికి కూడా వెళుతుంది. పాళెంలో మర్యాదగా ఉన్నది పక్క ఊళ్లో దివాలాగా కనిపించింది. ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదే. రాతను ఫొటో కింద పెట్టకండి, ఫొటో లోపలే ఉండేట్టు చెయ్యండి. జనం గొంతు అడిగినప్పుడు కాగితం ఇవ్వకండి. మూడోది ఫోన్లకు సంబంధించింది కాదు. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పకండి. పోలమ్మకు నేను చెప్పిన ఆ మాటకూ సంతకం లేదు. ఆమె నమ్మింది.

లెక్క ఇది. వరసలో నిలబడి మొత్తం తీసుకున్నవాళ్లు 47 మంది, వాళ్లకు చెల్లించింది 5,60,000. నిలబడనివాళ్లు, నిలబడినా అందనివాళ్లు 271 మంది, వాళ్లకు రావలసింది 36,00,000. రెండేళ్లు ఇల్లిల్లూ తిరిగి వసూలు చేసింది 22,40,000. ఖర్చులు 8,000. రూపాయికి అరవై రెండు పైసల చొప్పున పంచింది 22,32,000. సభ్యులకు పోయింది 13,68,000. అందులో పోలమ్మది 28,500. ఇవిగాక పోయినవి, సంఘం ఒకటి. ట్రాలీ ఆటో ఒకటి.